కసీని చూడని పర్వతము

శనిగ్రహమునకు నల్లని ముఖముగల చంద్రుడొకడు కలడు. అతనిని మొట్టమొదట చూచిన జొవాన్ని దొమెనికో కసీని 1625 జూన్ 8వ తేదీన, ఇటలీ దేశమున ఫ్రాన్సు సరిహద్దు దాపుననున్న పెరినాల్దో గ్రామమున జన్మించెను. చిన్ననాట ఆయనకు జ్యోతిషముపై మక్కువ కలిగెను గాని, త్వరలోనే ఫలభాగమును విడిచి గణితభాగమును పట్టెను. 1650లో, ఇరువదియైదేండ్ల వయస్సున, బొలోన్యా విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్ర ఆచార్యుడయ్యెను.

ఆ నగరపు సాన్ పెట్రోనియో చర్చిలో 1655లో ఆయన ఏర్పరచిన మధ్యాహ్నరేఖ నేటికిని ఉన్నది. కప్పులోని చిన్న రంధ్రముగుండ దిగిన సూర్యబింబము, నేలపై దాదాపు 67 మీటర్ల పొడవున పరచిన ఆ గీతను ప్రతిదినము మధ్యాహ్నమున దాటును. ఋతువును బట్టి దాటుచోటు మారుచుండును. నీడను చూచి జుహర్ వేళను నిర్ణయించు పద్ధతి ఎరిగిన మన విద్యార్థులకు ఇందలి సూత్రము కొత్తది కాదు. కసీని దానితో సూర్యబింబపు పరిమాణమునందలి స్వల్పభేదములను సైతము కొలిచెను.

ఫ్రాన్సు ప్రభువు 14వ లూయీ పిలుపుపై 1669లో పారిస్ చేరి, అచ్చటి వేధశాలలో పనిచేయుచు, 1673లో ఆ దేశపు పౌరుడయ్యెను.

1671 అక్టోబరులో ఆయన శనికి పడమట ఒక చిన్న వెలుగుచుక్కను చూచి ఉపగ్రహమని గుర్తించెను. అది శనిని చుట్టివచ్చుటకు 79 దినములు పట్టును. తూర్పునకు వచ్చు వేళకు వెదకగా కానరాలేదు. పడమటకు రాగా మరల కనిపించెను. వేరొకరైనచో దూరదర్శినిని తప్పుపట్టి ఊరకుండెడివారు. కసీని అట్లు చేయక, దాని ఒక పార్శ్వము తెల్లనిది, రెండవది మిక్కిలి నల్లనిది కావలెనని ఊహించెను. మన చంద్రునివలెనే అదియు తన గ్రహమునకు ఎల్లప్పుడు ఒకే ముఖము చూపుచు తిరుగును. కనుక తూర్పుననున్నపుడు నల్లని పార్శ్వము మనవైపు ఉండును. కనబడకపోవుటనే ఆధారముగా గైకొన్న ఈ తర్కము ఆయన కృషిలో అన్నిటికంటె గొప్పదని మాకు తోచుచున్నది. తూర్పున దానిని కంటితో చూచుటకు మాత్రము, మేలైన దూరదర్శిని లభించువరకు, అనగా 1705 వరకు ఆగవలసివచ్చెను. ముప్పది నాలుగేండ్లు!

ఈలోగా ఆయన శనికి మరి మూడు ఉపగ్రహములను, 1675లో వలయములనడిమి ఖాళీని కనుగొనెను. నాలుగు ఉపగ్రహములకును రాజుపేర లూయీ నక్షత్రములని పేరుపెట్టెను. ఆస్థానమున జీతము పుచ్చుకొనువారికి ఇది తప్పదు కాబోలు. అయాపిటస్ అను నేటి పేరు 1847లో జాన్ హెర్షెల్ పెట్టినది.

అట్లని కసీని తీర్పులన్నియు సరియైనవి కావు. ఆ వేధశాలలోనే పనిచేయుచున్న రోమర్, బృహస్పతి ఉపగ్రహపు గ్రహణములను బట్టి కాంతికి పరిమితవేగము కలదని 1676లో చూపగా, ఈయన అంగీకరింపలేదు. ఆ ఉపగ్రహముల పట్టికలను అంతకుముందు సిద్ధపరచినవాడు కసీనియే! న్యూటన్ గురుత్వాకర్షణ సిద్ధాంతమును సైతము ఆయన ఒప్పుకొనలేదు. 1711లో చూపు కోల్పోయి, 1712 సెప్టెంబరు 14న పారిస్ నగరమున మరణించెను.

ఆయన పేరుపెట్టిన వ్యోమనౌక 1997లో బయలుదేరి 2004లో శనిని చేరెను. ఆ సంవత్సరము డిసెంబరు 31న అది తీసిన ఛాయాచిత్రములలో, అయాపిటస్ నల్లని పార్శ్వమున ఒక వింత పర్వతశ్రేణి బయటపడెను. మన నిర్మల్ ఘాటు కొండలు వంపులు తిరిగిపోవును. అదియో, ఆ గోళపు నడిమిరేఖ వెంబడి గీత గీసినట్లు సుమారు 1300 కిలోమీటర్లు సాగినది. గోళపు అడ్డుకొలతయే సుమారు 1470 కిలోమీటర్లు! కొన్నిచోట్ల శిఖరముల ఎత్తు 20 కిలోమీటర్లు, అనగా ఎవరెస్టుకు రెండింతలకు మించినది. చూపునకు ఆ గోళము అఖ్రోట్ కాయవలె నడుమ అంచుకట్టి యుండును. ఒకప్పుడు దానిచుట్టునున్న వలయము కూలిపడుటచే ఆ శ్రేణి ఏర్పడెనని కొందరు, పూర్వము గోళము వేగముగా తిరిగినందున నడుము ఉబ్బి ఏర్పడెనని కొందరు వాదించుచున్నారు. గోళమున ఎక్కువ భాగము మంచే; పైనున్న నలుపు మాత్రము సింగరేణి బొగ్గును పోలినది. ఫీబీ అను మరింత దూరపు ఉపగ్రహము నుండి వచ్చి పడిన ధూళి దీనికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఆ నల్లని ప్రదేశమునకు కసీని పేరే పెట్టిరి. శ్రేణిలో ఒక భాగమునకు టొలేడో పర్వతములని పేరు. అది ఫ్రెంచి వీరగాథయగు రోలాండ్ గీతము నుండి గ్రహింపబడినది. అరబ్బులు తులైతులా అని పిలిచిన ఆ టొలేడో నగరముననే 11వ శతాబ్దిలో అల్ జర్ఖాలీ గ్రహగణితము చేసెను. అచ్చటి పట్టికలు లాటినులోనికి మారి యూరపున చిరకాలము వాడుకలో నుండెను.