అందరినీ కలుపుకుపోయిన దుర్గాబాయమ్మ

ఆంధ్ర మహిళా సభ పేరు వినని తెలుగువారు అరుదు. ఆ సంస్థను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని స్వాతంత్ర్య సమరయోధురాలిగా తలుచుకుంటాం. అన్యాయానికి గురైన స్త్రీకి సాయం అందాలంటే ఎవరెవరు కలిసి పనిచేయాలో ఆమె ఎంత ముందుగా ఆలోచించారో చాలామందికి తెలియదు.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదో ఏటే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ బంధంలోంచి బయటికి వచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. అక్కడ చదువు లేక, చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడే దిక్కు లేక శిక్ష అనుభవిస్తున్న స్త్రీలను చూశారు. లా చదవాలన్న పట్టుదల అక్కడే కలిగింది. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుని క్రిమినల్ కేసులు వాదించారు.

కోర్టు తీర్పు ఇస్తుంది. కానీ ఆ తీర్పు పట్టుకుని బయటికి వచ్చిన స్త్రీ ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి? పిల్లల్ని ఎలా పోషించాలి? 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ చదువు, వృత్తి శిక్షణ, వైద్యం అన్నీ ఒకే గొడుగు కిందికి తేవడంలోని అవసరం ఇదే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైనప్పుడు ఆ పద్ధతినే దేశమంతటికీ విస్తరించారు. ప్రభుత్వం నిధులిచ్చేది, స్వచ్ఛంద సంస్థలు పని చేసేవి.

అదే ఏడాది చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూశారు. తిరిగి వచ్చాక ఛాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతో, నెహ్రూ గారితో ఆ విషయం చర్చించారు. ఆమె 1981 మే 9న కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. జడ్జితోపాటు కౌన్సిలర్లకు, సంక్షేమ సంస్థలకు, వైద్య నిపుణులకు కూడా అందులో చోటు దక్కింది. 2005 నాటి గృహహింస చట్టం రక్షణ అధికారులను, పోలీసులను, ఆసుపత్రులను, ఆశ్రయ గృహాలను ఒకే వరుసలో నిలబెట్టింది. 2016లో హైదరాబాదులో పోలీసులు ప్రారంభించిన భరోసా కేంద్రం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన: బాధితురాలు గడప గడపా తిరుగుతూ తన గోడు మళ్ళీ మళ్ళీ చెప్పుకోనక్కర్లేకుండా చూడడం.

పరాయి దేశంలో భర్త వీసా మీద ఆధారపడి, ఇంట్లో దెబ్బలు తింటూ, ఎవరికి చెప్పుకోవాలో తెలియని ఆడపడుచులు మన మధ్యా ఉండవచ్చు. మనలో డాక్టర్లున్నారు, లాయర్లున్నారు, ఒక గది ఇవ్వగల కుటుంబాలున్నాయి. ఆపద రాకముందే వీళ్ళందరికీ ఒకరితో ఒకరికి పరిచయం ఉంటే, దుర్గాబాయమ్మను మనం నిజంగా స్మరించుకున్నట్టే.