బాబీ బాండ్స్

బాబీ లీ బాండ్స్ (మార్చి 15, 1946 - ఆగష్టు 23, 2003) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ బేస్‌బాల్ క్రీడాకారుడు. బంతిని మైదానపు కంచె దాటించే బలము, బేస్‌ల మధ్య మెరుపులా పరుగెత్తే వేగము రెండూ ఒక్కనిలోనే ఉండుట అరుదు. ఆ రెండూ గల ఇతనిని శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు చాలాకాలం బ్యాటింగ్ వరుసలో మొదటి స్థానంలో ఆడించింది. భారీ హిట్టరును ముందుగా పంపవచ్చునా అనే చర్చ వచ్చినప్పుడల్లా ఇతని పేరు ప్రస్తావనకు వస్తుంది.

తొలి జీవితం

బాండ్స్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని రివర్‌సైడ్‌లో జన్మించాడు. ఇతని అక్క రోజీ 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో హర్డిల్స్ పరుగుపందెంలో అమెరికా తరఫున పాల్గొన్నది. ఆ సంవత్సరమే బాండ్స్‌కు కుమారుడు బ్యారీ జన్మించాడు. జెయింట్స్ జట్టుతో ఒప్పందం కూడా ఆ సంవత్సరమే కుదిరింది. 1968 జూన్ 25న లాస్ ఏంజలెస్ డాడ్జర్స్‌పై తన మొదటి పెద్ద ఆట ఆడాడు. మూడు బేస్‌లలోనూ సహచరులు నిలిచి ఉండగా హోమ్ రన్ కొట్టి ఒకే దెబ్బతో నాలుగు పరుగులు తెచ్చాడు. దీనిని గ్రాండ్ స్లామ్ అంటారు. మొదటి ఆటలోనే ఈ ఘనత సాధించిన వాడు ఇరవయ్యవ శతాబ్దంలో అంతకు ముందు లేడు. అప్పటికి జట్టులో ఉన్న మహా క్రీడాకారుడు విల్లీ మేస్‌కు ఇతడే వారసుడని అందరూ భావించారు. ఆ పోలిక ఇతనికి గౌరవంతో పాటు భారం కూడా అయింది.

మొదటి స్థానంలో భారీ హిట్టర్

బేస్‌బాల్‌లో తొమ్మిదిమంది ఒక నిర్ణీత వరుసలో బ్యాటింగ్ చేస్తారు. తొమ్మిదవ వాని తరువాత మళ్ళీ మొదటివాడు వస్తాడు. క్రికెట్ ఓపెనరు అవుటైతే అతని ఇన్నింగ్స్ ముగిసినట్లే. ఇక్కడ మాత్రం మొదటి ఆటగాడు ఒక్కో ఆటలో నాలుగైదు సార్లు బ్యాటు పడతాడు. వేగంగా పరుగెత్తేవాడు, ఎలాగైనా బేస్ చేరేవాడు మొదట రావాలనీ, అతనిని ఇంటికి చేర్చే బలమైన హిట్టర్లు మూడు, నాలుగు స్థానాలలో ఉండాలనీ పూర్వాచారం.

బాండ్స్ విషయంలో ఈ ఆచారాన్ని పాటించలేదు. దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఆట ఆరంభంలో బేస్‌లు ఖాళీగా ఉంటాయి కనుక హోమ్ రన్ కొట్టినా ఒక్క పరుగే వస్తుంది. ఆ కాలంలో నేషనల్ లీగ్‌లో తొమ్మిదవ స్థానంలో పిచ్చరే బ్యాటింగ్ చేసేవాడు. బ్యాటింగ్‌లో బలహీనుడైన అతడు బేస్ చేరడం అరుదు. అందువలన తరువాతి వంతులలో కూడా బాండ్స్ ముందు బేస్‌లు తరచు ఖాళీగానే ఉండేవి. 1973లో 39 హోమ్ రన్లు కొట్టినా ఇతని బ్యాటు వలన వచ్చిన పరుగులు 96 మాత్రమే. 1977లో కాలిఫోర్నియా ఏంజెల్స్ జట్టులో వరుస మధ్యలో ఆడినప్పుడు 37 హోమ్ రన్లతోనే 115 పరుగులు వచ్చాయి.

అంతకంటె పెద్ద ఆక్షేపణ స్ట్రైకౌట్ల గురించి. 1969లో 187 సార్లు, 1970లో 189 సార్లు బంతిని తాకకుండానే వెనుదిరిగి, వరుసగా రెండేళ్ళు చెడ్డ రికార్డు నెలకొల్పాడు. అయితే ఈ విమర్శ పైకి కనిపించినంత బలమైనది కాదు. బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు స్ట్రైకౌట్ అయినా, క్యాచ్ ఇచ్చినా నష్టం ఒక్కటే. మూడవ బేస్‌లో సహచరుడు ఎదురుచూస్తున్నప్పుడే స్ట్రైకౌట్ నిజంగా బాధిస్తుంది. అట్టి సందర్భాలు మొదటి స్థానంలోనే తక్కువ. అంటే ఇతని లోపం తక్కువ హాని చేసే చోటనే ఇతనిని నిలిపారన్నమాట. పైగా 162 ఆటల సీజనులో వరుసలో ఒక్కొక్క మెట్టు దిగినకొద్దీ సుమారు 18 వంతులు తగ్గుతాయి. నాలుగవ స్థానానికి దిగితే నష్టం యాభైకి పైనే.

ఇతడు స్వయంగా సాధించిన పరుగులు చూస్తే లాభం తెలుస్తుంది. 1969లో 120, 1970లో 134, 1973లో 131. స్ట్రైకౌట్ల రికార్డు నెలకొల్పిన 1970లోనే 200 హిట్లు, 48 బేస్ దొంగతనాలు చేశాడు. 1973లో పదకొండు ఆటలను తన జట్టు తరఫున హోమ్ రన్‌తో ఆరంభించాడు. ఈ రికార్డు 1996లో బ్రేడీ ఆండర్సన్ 12 కొట్టేవరకు నిలిచింది. ఆ 1973లోనే 43 బేస్‌లు దొంగిలించాడు. ఇంకొక్క హోమ్ రన్ కొట్టి ఉంటే ఒకే సీజనులో నలభై హోమ్ రన్లు, నలభై దొంగతనాలు చేసిన మొదటి వాడయ్యేవాడు.

2022 నుండి నేషనల్ లీగ్‌లో కూడా పిచ్చరు బదులు వేరొక ఆటగాడు బ్యాటింగ్ చేస్తున్నాడు. దానితో పాత ఆక్షేపణలలో ఒకటి తొలగిపోయింది. 2023లో డాడ్జర్స్ ఆటగాడు మూకీ బెట్స్ మొదటి స్థానంలో ఆడుతూనే నూరుకు పైగా పరుగులు తెచ్చాడు.

తరువాతి జీవితం

1974లో జెయింట్స్ ఇతనిని బాబీ మర్సర్‌కు బదులుగా న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చివేసింది. అటుపై 1981 వరకు ఏడేళ్ళలో ఏడు జట్లు మారాడు. మద్యపానపు అలవాటు పేరుకు మచ్చ తెచ్చింది గాని, ఆట క్షీణించినందువల్ల మాత్రమే జట్లు వదులుకున్నాయనుట సరికాదు. ఈ సంచారకాలంలోనే 1975, 1977, 1978లలో ముప్పై హోమ్ రన్లు, ముప్పై దొంగతనాలు పూర్తిచేశాడు. 1969, 1973లతో కలిపి ఇది ఐదుసార్లు. మొత్తం మీద 332 హోమ్ రన్లు, 461 బేస్ దొంగతనాలు ఇతని ఖాతాలో ఉన్నాయి.

1993లో జెయింట్స్‌కు శిక్షకునిగా తిరిగి వచ్చాడు. ఆ సంవత్సరమే కుమారుడు బ్యారీ ఆ జట్టులో చేరి తండ్రి ధరించిన 25వ నెంబరు చొక్కానే తొడిగాడు. 1996లో బ్యారీ 42 హోమ్ రన్లు కొట్టి 40 బేస్‌లు దొంగిలించినప్పుడు, ఒక్క హోమ్ రన్‌తో ఆ గౌరవం పోగొట్టుకున్న తండ్రి శిక్షకునిగా ఆ జట్టులోనే ఉన్నాడు. బాండ్స్ 2003 ఆగష్టు 23న కాలిఫోర్నియాలోని శాన్ కార్లోస్‌లో క్యాన్సర్ వ్యాధితో 57వ ఏట మరణించాడు. 189 స్ట్రైకౌట్ల రికార్డును మరుసటి సంవత్సరం ఆడం డన్ దాటాడు.