మరపును కొలిచిన మహనీయుడు – ఎబ్బింగ్‌హౌస్

చిలకలగూడ అనగానే చిలుక పలుకులు గుర్తుకు రావడం సహజం. చదివినదానిని చిలుకవలె వల్లించి, పరీక్ష ముగిసిన మరునాడే మరచిపోవడం విద్యార్థిలోకానికి పాత జబ్బే. ఈ మరపు స్వరూపమేమిటో తనపైనే ప్రయోగాలు చేసుకొని తెలిపిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ జీవితాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

ఆయన 1850 జనవరి 24న జర్మనీలోని బార్మెన్ పట్టణంలో, ఒక వర్తకుని ఇంట జన్మించారు. బాన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర, భాషాశాస్త్రాలతో చదువు ఆరంభించి, క్రమంగా తత్త్వశాస్త్రం వైపు మొగ్గారు. 1870లో ఫ్రాన్సుతో యుద్ధం రాగా సైన్యంలో చేరారు. తిరిగివచ్చి 1873లో డాక్టరేటు పొందారు. తరువాత కొన్నేళ్లు ఇంగ్లండు, ఫ్రాన్సులలో చదువు చెప్పి జీవనం గడిపారు. ఆ రోజులలోనే పాత పుస్తకాల అంగడిలో ఫెక్నర్ మనోభౌతికశాస్త్ర గ్రంథం ఆయన కంటబడిందంటారు. ఇంద్రియానుభవాన్ని కొలవగలిగినప్పుడు జ్ఞాపకాన్ని ఏల కొలవరాదని ఆయనకు తోచింది.

అర్థమున్న మాటలు పూర్వపరిచయం వల్ల తేలికగా పట్టుబడతాయి. కనుక ఆయన అర్థంలేని సుమారు 2,300 అక్షర సముదాయాలను కూర్చుకున్నారు. గురువూ తానే, శిష్యుడూ తానే. ఏళ్ల తరబడి ఆ వరుసలను వల్లించి, మరచి, మరల నేర్చి, ప్రతిసారీ ఎంత శ్రమ ఆదా అయినదో లెక్కకట్టారు. ఆ ఫలితాలను 1885లో గ్రంథంగా ప్రకటించారు. ఆదా అయిన శ్రమ 20 నిమిషాల తరువాత నూటికి 58 వంతులు, గంటకు 44, ఒక దినానికి 34, నెలకు 21. అనగా మరపు మొదట వేగంగానూ, పిదప మెల్లగానూ సాగుతుందన్నమాట. ఒకే దినాన 68 మార్లు వల్లించిన ఫలితం, మూడు దినాలకు పంచి 38 మార్లు వల్లిస్తేనే సిద్ధించింది.

బెర్లినులో పదోన్నతి లభించక 1894లో ఆయన బ్రెస్లావుకు వెళ్లారు. అక్కడ బడిపిల్లల అలసటను పరిశీలించే సందర్భంలో, వాక్యాలలో ఖాళీలుంచి పూరింపజేసే పరీక్షను రూపొందించి 1897లో ప్రకటించారు. నేడు సెల్‌ఫోనులో వచ్చే క్విజ్‌లోని ఖాళీల ప్రశ్నకు ఆ పరీక్ష పూర్వరూపమే. 1905లో హాలే విశ్వవిద్యాలయానికి మారి, 1909 ఫిబ్రవరి 26న న్యుమోనియాతో కన్నుమూశారు.

ఆయన వేసిన బాటలో పరిశోధన సాగుతూనే ఉన్నది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే శాస్త్రజ్ఞులు ఒక సంగతి నిరూపించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే, పాఠాన్ని రెండుమార్లు చదివినవారే మిన్న. వారం తరువాత అడిగితే, ఒకమారు చదివి ఒకమారు పరీక్షించుకున్నవారికి నూటికి 56, రెండుమార్లు చదివినవారికి 42. మరల మరల చదివితే వచ్చినట్లే ఉంటుంది. ఆ భ్రమే మనలను పరీక్ష హాలులో ముంచుతుంది.

ఈ రహస్యం మన పెద్దలకు కొత్త కాదు. ఖురానును కంఠస్థం చేసే హాఫిజ్ పాత పాఠాన్ని నిత్యం ఉస్తాదుకు అప్పజెబుతాడు. పృచ్ఛకుల ప్రశ్నల నడుమనే అవధాని ధారణ నిగ్గుతేలుతుంది.

కావున అధ్యాపకులకు, కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. పాఠం ముగిసిన మరునాడూ, వారానికీ, నెలకూ చిన్న క్విజ్ పెట్టించండి. దానికి మార్కుల భయం తగిలించవద్దు. తప్పు ఎక్కడ జరిగినదో వెంటనే తెలుపండి. ఫోను లేని విద్యార్థి వెనుకబడకుండా చీటీల మీదనైనా అవే ప్రశ్నలు ఇవ్వండి. విద్యార్థి మిత్రులారా! పుస్తకం మూసి, మిమ్ములను మీరే ప్రశ్నించుకొనండి. చిలుక పలుకు చదువుగా మారేది అప్పుడే.