ఇంగ్లిషు చెప్పడానికి వచ్చి మదనపల్లెలో నిలిచిపోయిన మాస్టారు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు బడుల్లో చదివే మన పిల్లల మీద భాషల బరువు ఎంతో మనకు తెలుసు. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది. ఇంగ్లిషు రాకపోతే ఉద్యోగం రాదన్న భయం అంతకుముందు నుంచే ఉంది. ఈ రెండింటి మధ్య తగ్గిపోతున్నది తెలుగు పీరియడే. మరో భాష నేర్వాలంటే ఇంటి భాషను వదులుకోవాల్సిందేనా అన్న ప్రశ్న ఎదురైనప్పుడల్లా మనం తలచుకోదగిన ఉపాధ్యాయుడు ఒకాయన ఉన్నారు. ఆయన మనకు దూరపువాడు కాదు. కోలారు మీదుగా వెళితే చేరుకునే మదనపల్లెలో పాఠాలు చెప్పినవారు. పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్.

కజిన్స్ 1873 జూలై 22న ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. పెద్ద చదువులు చదివే స్తోమత ఇంట్లో లేదు. చిన్న వయసులోనే బడి మాని గుమాస్తా పనికి కుదిరారు. మిగిలినదంతా సొంతంగా చదువుకుని నేర్చుకున్నదే. తర్వాత డబ్లిన్ చేరి కవిగా, నాటకకర్తగా పేరు తెచ్చుకున్నారు. అక్కడి ఒక హైస్కూల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1903లో సంగీతంలో పట్టా పొందిన మార్గరెట్‌ను పెళ్లాడారు.

ఆయన పుట్టిన దేశానికి భాష విషయంలో ఒక గాయం ఉంది. 1831లో అక్కడ ప్రభుత్వ సహాయంతో ఊరూరా బడులు వెలిశాయి గాని, వాటిలో ఐరిష్ భాషకు చోటు లేదు. చదువంతా ఇంగ్లిషులోనే. 1845 తర్వాత వచ్చిన పెద్ద కరవులో ఐరిష్ మాట్లాడే పల్లెలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. పిల్లలు బాగుపడాలని తల్లిదండ్రులే ఇంగ్లిషు వైపు మొగ్గారు. రెండు మూడు తరాలు గడిచేసరికి దేశంలో చాలామందికి తాతల భాష రాకుండా పోయింది. కజిన్స్ కూడా తన దేశపు పురాణ గాథలను ఇంగ్లిషులోనే రాశారు. ఆ మాస్టారు ఇంగ్లిషు చెప్పడానికి మన దేశం వచ్చారన్నది మనం గుర్తుంచుకోవాలి.

అనీబిసెంట్ పిలుపు మీద కజిన్స్ దంపతులు 1915లో మద్రాసు చేరారు. ఆమె నడిపే న్యూ ఇండియా పత్రికలో ఆయనకు పని. మరుసటి ఏడాది డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు జరిగింది. తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ ఆయన రాసిన వ్యాసంతో ఆ ఉద్యోగం పోయింది. కొత్త దేశం, చేతిలో పని లేదు. అప్పుడు బిసెంట్ ఆయనను మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు ఇంగ్లిషు అధ్యాపకుడిగా పంపారు. ఆనాడు మదనపల్లె, హోసూరు రెండూ మద్రాసు రాజధానిలోనివే. 

పరాయి దేశంలో కుదురుకోవడానికి ఆయన ఎంచుకున్న దారి మన ఉపాధ్యాయులు గమనించదగినది. తన దేశపు గొప్పలతో మొదలుపెట్టలేదు. ఇక్కడి చిత్రకళను, కవిత్వాన్ని తెలుసుకోవడంతో మొదలుపెట్టారు. 1916లో బెంగాలు చిత్రకారుల బొమ్మలతో అడయారులో ప్రదర్శన పెట్టించారు. 1918లో భారతదేశపు సాంస్కృతిక పునరుజ్జీవనం మీద పుస్తకం ప్రచురించారు. ఇంగ్లిషు కవిత్వం మీద ఆయన రాసిన మరో పుస్తకం అరవిందుల చేతికి చేరింది. దాని సమీక్షగా మొదలైన రచనే ఆ తర్వాత కవిత్వ భవిష్యత్తు మీద అరవిందుల పెద్ద గ్రంథంగా ఎదిగింది. మన విద్యార్థులు మన కళలను చదవాలని చివరిదాకా వాదించిన ఇంగ్లిషు మాస్టారు ఆయన. తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ విశ్రాంతి కోసం మదనపల్లె వచ్చి కొన్ని రోజులు ఉన్నారు. ఒక సాయంత్రం కళాశాలలో పాటల కూటమి జరిగింది. తాను 1911లో రాసిన జనగణమనను ఠాగూర్ అక్కడ పాడారు. విద్యార్థులు గొంతు కలిపారు. పాశ్చాత్య సంగీతం తెలిసిన మార్గరెట్ ఆ బాణీకి స్వరలిపి రాశారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ పాటను అక్కడే ఇంగ్లిషులోకి అనువదించారు. బెంగాలీ కవి, ఐర్లండు దంపతులు, తెలుగు నేల మీది పిల్లలు. ఆ గదిలో ఏ భాషా మరో భాషను తోసివేయలేదు. ఇంగ్లిషు ఆ పాటను మరింత దూరం మోసుకెళ్లింది. బెంగాలీ అలాగే నిలిచింది. 1950 జనవరి 24న అది మన జాతీయ గీతమైంది.

అదే ఏడాది కజిన్స్ జపాన్ వెళ్లి, టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు కవిత్వం బోధించారు. అంటే రెండోసారి కొత్త దేశం, కొత్త భాష, కొత్త విద్యార్థులు. అక్కడి నుంచి తిరిగి మన దగ్గరికే వచ్చారు. తిరువనంతపురంలో 1935లో తెరిచిన శ్రీ చిత్రా చిత్రశాల వెనుక కళా సలహాదారుగా ఆయన కృషి ఉంది. మార్గరెట్ మహిళల ఓటు హక్కు కోసం పోరాడారు, 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టుకకు ముఖ్య కారకురాలయ్యారు. వాక్ స్వాతంత్ర్యాన్ని అణచే ఆర్డినెన్సులను వ్యతిరేకించినందుకు 1932 చివర అరెస్టయి వేలూరు జైలుకు వెళ్లారు. ఆమె జైల్లో ఉండగానే, 1933లో, కజిన్స్ మళ్లీ మదనపల్లె కళాశాల బాధ్యత తీసుకున్నారు.

మార్గరెట్ 1954లో కన్నుమూశారు. కజిన్స్ 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన ఈ గడ్డ మీద అడుగుపెట్టి నలభై ఏళ్లు.

మన బడులకు ఏటా కొత్త ఉపాధ్యాయులు వస్తుంటారు. కొందరు తమిళం చెప్పడానికి, కొందరు ఇంగ్లిషు చెప్పడానికి. వారు మన పిల్లల భాష మాట్లాడలేకపోవచ్చు. దానిని గౌరవించడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. అయితే ఆ గౌరవం ముందు మన ఇళ్లలో కనబడాలి. ఐర్లండు బడులు చేసిన నష్టంలో తల్లిదండ్రుల మౌనానికీ వాటా ఉంది. తెలుగు పీరియడు తగ్గితే అడిగే తల్లి, తెలుగు పుస్తకం కొనిచ్చే తండ్రి ఉన్న ఇంట్లో ఇంగ్లిషు, తమిళం ఎంత బాగా వచ్చినా నష్టం లేదు.