గుండు మీదా బడి మీదా ఒకే పేరు



మీ ఇంట్లో స్టాంపులో నాణేలో పోగుచేసే పిల్లలుంటే, ఈ నెల పరిచయం వాళ్లతో కలిసి చదవండి. అమెరికాలో కొందరు పాతకాలపు చిన్న ఫిరంగి గుండ్లు సేకరిస్తారు. మట్టిలోంచి తీసిన తుప్పు ముద్దను చూసి అది ఎవరి తయారీయో చెప్పడం వాళ్ల విద్య. వాళ్లందరికీ తెలిసిన పేరు బెంజమిన్ హాచ్‌కిస్.

ఆయన 1826లో కనెటికట్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో పుట్టారు. షారన్ అనే ఊళ్లో వాళ్లది ఇనుప సామాన్ల వ్యాపారం. సోదరుడు ఆండ్రూ 1855లో పేటెంట్ పొందిన గుండును బెంజమిన్ మెరుగుపరిచి, 1861-65 అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి పెద్దయెత్తున అమ్మారు.

ఆ గుండుకు మూడు భాగాలు. ముందు ఇనుప ముక్కు, వెనక ఇనుప గిన్నె, మధ్యలో సీసం పట్టీ. మందు అంటుకోగానే గిన్నె ముందుకు నొక్కుకుని సీసాన్ని బయటికి ఉబ్బిస్తుంది. సీసం ఫిరంగి గొట్టంలోని మెలి గాడుల్లోకి దిగి గుండును బొంగరంలా తిప్పుతుంది. సీసం మీద ఆ గాడుల అచ్చు ఉంటే, అది ఫిరంగిలోంచి వెళ్లిన గుండే. కొన్నింటి పక్కల మూడు సన్నటి గాడులు కూడా కనిపిస్తాయి. మంట ముక్కు దగ్గరి ఫ్యూజ్‌ దాకా పాకడానికి పెట్టిన దారులవి. కొన్నింటి అడుగున పేరూ పేటెంట్ తేదీ పోతపోసి ఉంటాయి.

ఇక్కడ ఒక్కమాట. లోపలి మందు నూటయాభై ఏళ్లయినా చావదు. 2008లో వర్జీనియాలో అంతర్యుద్ధ కాలపు గుండును శుభ్రం చేస్తూ, ఎంతో అనుభవమున్న సేకర్త ఒకరు పేలుడులో చనిపోయారు. పొలంలోనో పాత ఇనుప సామాన్ల కొట్లోనో అలాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా దూరం జరిగి 112కు ఫోన్ చేయాలని పిల్లలకు చెప్పండి.

1867లో హాచ్‌కిస్ ఫ్రాన్స్ వెళ్లి, పారిస్ పక్కన సెయింట్ డెనిస్‌లో కర్మాగారం పెట్టారు. అయిదు గొట్టాలతో, చేత్తో తిప్పే 37 మిల్లీమీటర్ల ఫిరంగి అక్కడిదే. 400 గ్రాముల లోపు పేలుడు గుండ్లు వాడకూడదని 1868లో దేశాలు ఒప్పుకున్నాయి. ఈయన గుండు బరువు దాదాపు ఒక పౌను, అంటే 450 గ్రాములు. నిబంధనకు ఆవల కొద్దిగా, అంతే!

ఆయన 1885లో పారిస్‌లో మరణించారు. 1890 డిసెంబర్ 29న దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం ఆయన పేరున్న చిన్న ఫిరంగులను లకోటా తెగవారి గుడారాల మీద పేల్చింది. చనిపోయినవారిలో ఆడవాళ్లూ పిల్లలూ ఎందరో. ఇలాంటి గుండ్ల పక్కన పెట్టే చీటీలో వ్యాసం, బరువుతో పాటు ఈ సంగతీ ఉండాలంటాను.

ఆయన భార్య మరియా పెళ్లికి ముందు బడిపంతులమ్మ. భర్త మిగిల్చిన ఆస్తితో 1891లో, యేల్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు టిమోతీ డ్వైట్ ప్రోత్సాహంతో, లేక్‌విల్‌లో హాచ్‌కిస్ స్కూల్ స్థాపించారు. రెండేళ్లకు షారన్‌లో భర్త జ్ఞాపకంగా ఒక లైబ్రరీ కట్టించారు. బడీ, లైబ్రరీ రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి.