ఇంటింటికి పటం పంపిన రాజా రవివర్మ

ఉగాది నాడు మన ఇండ్లలో పచ్చడి నైవేద్యం పెట్టేది దేవుడి పటం ముందరే గదా! పొట్ట చేతబట్టుకొని బొంబాయి వచ్చిన మన పెద్దలు ట్రంకు పెట్టెలో బట్టల నడుమ చుట్టి అట్టి పటాలను తెచ్చుకొన్నారు. మా నాయనమ్మ తెచ్చిన లక్ష్మీదేవి పటాన్ని, ఇల్లు మారేటప్పుడు పాతదని పాతసామాన్లవానికి ఇచ్చివేశాము. దాని విలువ తరువాత తెలిసింది. మావంటి పొరపాటు మరొకరు చేయకుండా, ఆ పటం వెనుకనున్న మహనీయుని కథ సోదర సోదరీమణులకు మనవి చేస్తున్నాము.

రాజా రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించారు. మేనమామ రాజరాజవర్మ వద్ద తొలి పాఠాలు నేర్చి, 14వ ఏట తిరువనంతపురం చేరి, మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆదరణ పొందారు. తైలవర్ణాల పని అప్పట్లో మనవారికి కొత్త. 1868లో థియొడోర్ జెన్సన్ అనే చిత్రకారుడు రాజకుటుంబీకుల చిత్రాలు వ్రాయడానికి రాగా, ఆయన పని చేయుచుండగా చూచి, తక్కినదంతా స్వయంకృషితో సాధించారు. 1873లో మద్రాసు ప్రదర్శనలో స్వర్ణపతకం, అదే ఏడు వియన్నాలో బహుమానం వచ్చినవి. 1893లో చికాగోకు 10 చిత్రాలు పంపి అక్కడా పతకాలు పొందారు. బరోడా, మైసూరు మహారాజులు పురాణ చిత్రాలు వ్రాయించుకొన్నారు.

ఇంత కీర్తి వచ్చినా ఆ చిత్రాలు రాజమందిరాలలోనే ఉండిపోయేవి. సామాన్యుడు చూచేదెట్లా? వాటిని అచ్చు వేయించవలసినదని సర్ టి. మాధవరావుగారు అంతకుముందే సలహా ఇచ్చియున్నారు. 1894లో రవివర్మ తమ తమ్ముడు రాజరాజవర్మతో కలిసి బొంబాయి గిర్గాంలో ముద్రణాలయం స్థాపించారు. యంత్రాలు, నిపుణులు జర్మనీ నుండి వచ్చారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి చొప్పున, అదే కాగితాన్ని మరల మరల అచ్చొత్తేవారు. మొదట వెలువడినది శకుంతల జననం. ఆపై లక్ష్మి, సరస్వతి పటాలు దేశమంతటా వ్యాపించినవి. గుడి గడప తొక్కనివ్వని పేదల ఇండ్లకు కూడా దేవుడు తానై నడిచి వచ్చాడు.

కాని వ్యాపారం ఆయనకు కలిసి రాలేదు. అప్పులు పెరిగినవి. బొంబాయిలో ప్లేగు చెలరేగిన ఆ కాలంలో, 1899లో, ముద్రణాలయాన్ని లోనావాలా దగ్గరి మళవలికి తరలించారు. కొన్ని ఏండ్లకే దానిని జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్మివేశారు. కుడిభుజమైన తమ్ముడు 1905లో పోయారు. 1906 అక్టోబరు 2న రవివర్మ కన్నుమూశారు. పటాల అచ్చు మాత్రం ఆగలేదు. చివరకు 1972లో అగ్నిప్రమాదంలో ఆ ముద్రణాలయం కాలిపోయినది. రైల్వే గుమాస్తాలమైన మేము పుణె బండిలో పోవునప్పుడెల్ల మళవలి స్టేషనులో మనసులోనే నమస్కరిస్తాము.

పోయిన పటానికి బదులుగా ఒక దుకాణంలో పాత చట్రంలోనున్న దానిని కొని మోసపోయాము కూడా. భూతద్దంతో చూస్తే రంగుచుక్కలు వరుస తప్పక, ఒకే తీరున కనిపించినవి. అది ఈ కాలపు అచ్చు. పాత రాతి అచ్చులో చుక్కలు ఇసుక చల్లినట్లు వరుస లేకుండా ఉంటాయి. అడుగు అంచున ముద్రణాలయం పేరుండవచ్చును గాని, పేరును కూడా దొంగిలించేవారు గలరు. కాగితం పసుపెక్కినంత మాత్రాన నమ్మరాదు. తేనీటితోను ఆ రంగు తెప్పిస్తారు. చట్రం విప్పి చూడనివ్వని వాని వద్ద కొనకుండుట మేలు.

అంతకంటె మేలైనది, ఇంట ఉన్నదానిని కాపాడుకొనుట. ఈ ఉగాదికి మీ గోడమీది పాత పటాన్ని ఒకమారు దించి, ఎండా చెమ్మా తగలని చోట పెట్టండి. తెచ్చిన పెద్దల పేరు పిల్లలకు చెప్పండి. మేము పోగొట్టుకొన్నది మీ ఇంట నిలిస్తే మాకదే పండుగ.