నల్లమల దాటిన దుబాసీ: ఏనుగుల వీరాస్వామి



‘ట్రైల్ రన్’ అనే మాట మీ పిల్లల నోట మీరు వినే ఉంటారు. తారు రోడ్డు వదిలిపెట్టి అడవి బాటలో, రాళ్ల మీద, కొండ ఎక్కుతూ దిగుతూ సాగే పరుగు పందెం అది. పిల్లలు ఫోన్లో ఆ వీడియోలు చూసి, ఇలాంటివన్నీ ఎక్కడో విదేశాల్లోనే ఉంటాయనుకుంటారు. అంతకన్నా కష్టమైన బాట మన నంద్యాల జిల్లాలోనే ఉందని, సుమారు రెండు వందల ఏళ్ల కిందట ఒక కోర్టు ఉద్యోగి ఆ దారిన వెళ్లి, చూసినదంతా రాసిపెట్టాడని వాళ్లకు చెప్పండి. ఆయనే ఏనుగుల వీరాస్వామి. ఈ నెల ‘మహనీయుల జీవితాలు’ శీర్షికలో ఆయన గురించి తెలుసుకుందాం.

కష్టపడి సంపాదించుకున్న స్థానం

వీరాస్వామి 1780 ప్రాంతంలో పుట్టారు. ఆయన జీవితమంతా చెన్నపట్నంతో ముడిపడింది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. మన ఊళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల్లో ఆయన పట్టుదలగా ఇంగ్లీషు నేర్చుకుని, చిన్న వయసులోనే కంపెనీవారి కొలువులో చేరారు. మెల్లగా పైకి వచ్చి మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్ అయ్యారు. ఆనాటి మాటలో చెప్పాలంటే దుబాసీ.

దుబాసీ పని సులువనుకోకండి. జడ్జి మాట్లాడేది ఇంగ్లీషు. సాక్షి చెప్పేది తెలుగో తమిళమో. మధ్యలో ఒక్క మాట తప్పుగా చెప్పినా ఒకరి ఆస్తి పోవచ్చు, ఒకరికి శిక్ష పడవచ్చు. విన్నది విన్నట్టు, పెంచకుండా తగ్గించకుండా చెప్పడమే ఆయన వృత్తి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

యాభై ఏళ్ల వయసుకు ఆయనకు మంచి ఉద్యోగం, పట్నంలో గౌరవం, పెద్దవాళ్ల స్నేహం అన్నీ ఉన్నాయి. మన లెక్కలో అది ‘సెటిల్’ అయిన జీవితం. ఆ వయసులో ఆయన కాశీయాత్రకు బయలుదేరారు.

రైలు లేని రోజుల్లో

అది 1830 మే 18. మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు నడిచింది 1853లో. అంటే వీరాస్వామి బయలుదేరేనాటికి రైలు అనే మాటే మనవాళ్లకు కొత్త. కాలినడక, గుర్రం, బండి, పల్లకీ, నదుల మీద పడవ తప్ప వేరే దారి లేదు. దారిలో ఎక్కడ నీళ్లు దొరుకుతాయో, ఎక్కడ బియ్యం దొరుకుతుందో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో ముందే చెప్పే మ్యాపు లేదు.

ఆయన తొందరపడి ఇల్లు వదిలిన మనిషి కాదు. పరివారాన్ని, సామాన్లను సిద్ధం చేసుకుని, మజిలీల లెక్కన ప్రయాణం సాగించారు. తిరుపతి, కడప, దువ్వూరు మీదుగా మన ప్రాంతంలోకి వచ్చారు. ఈనాటి ఆళ్లగడ్డ మండలంలో ఉన్న అహోబిలాన్ని, ఆ తరువాత నంద్యాల దగ్గరి మహానందిని దర్శించుకున్నారు. మనం ఆళ్లగడ్డలో బస్సెక్కి అహోబిలం వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తాం. ఇప్పటికీ ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహస్వామి దగ్గరకు నడిచినవారికి అక్కడి రాళ్ల దారి ఎలా ఉంటుందో తెలుసు. ఆ రోజుల్లో అహోబిలం చేరే దారి కూడా అడవే.

నాగలూటి నుంచి శ్రీశైలం దాకా

అసలు పరీక్ష ఆత్మకూరు దాటాక మొదలైంది. ఈ రోజు నంద్యాల నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డులో కొన్ని గంటల్లో శ్రీశైలం చేరుతున్నాం. అప్పుడు ఆ రోడ్డు లేదు. నాగలూటి దగ్గర కొండ ఎక్కి, పెద్దచెరువు మీదుగా నల్లమల లోపలికి వెళ్లాలి. తరువాత భీముని కొలను వస్తుంది. అది లోతైన లోయ. ఒక పక్క మెట్ల మీద నిలువుగా దిగి, మళ్లీ అంత ఎత్తూ రెండో పక్క ఎక్కాలి. రాతి మెట్లు ఉన్నచోట కూడా అవి ఎగుడుదిగుడే. చెంచుల గూడేలు తప్ప జనం కనిపించరు. పులులు తిరిగే అడవి అది. కర్నూలు ప్రాంతం అప్పుడు నవాబు ఏలుబడిలో ఉండేది. శ్రీశైలం వెళ్లే యాత్రికులు పన్ను కూడా కట్టాల్సి వచ్చేది.

ఈ దారిని వీరాస్వామి దాటారు. శ్రీశైల దర్శనం చేసుకుని, తిరిగి ఆత్మకూరు వైపు దిగి, కృష్ణ దాటి వనపర్తి మీదుగా హైదరాబాదు చేరారు.

ఇక్కడ పిల్లలకు ఒక నిజం కూడా చెప్పాలి. వీరాస్వామి పల్లకీ ఎక్కగల స్థోమత ఉన్నవారు. ఇలాంటి ప్రయాణాల్లో బరువు మోసినవాళ్లు బోయీలు, కూలీలు. దారి తెలిసినవాళ్లు అడవిలో పుట్టి పెరిగిన చెంచులు. పుస్తకాల్లో వాళ్ల పేర్లు మిగలలేదు. ఒక పెద్ద మనిషి సాహసం గురించి చదివేటప్పుడు, ఆయన సామాన్లు ఎవరు మోశారని అడగడం పిల్లలకు నేర్పితే, అది కూడా చదువే.

రాసిపెట్టిన అలవాటు

హైదరాబాదు నుంచి నాగపూరు, జబల్‌పూరు మీదుగా ప్రయాగ, కాశీ, ఆపై గయ, కలకత్తా. అక్కడి నుంచి తూర్పు తీరం వెంట దక్షిణానికి. 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం చేరారు. మొత్తం 15 నెలల 15 రోజులు.

అప్పట్లో కాశీకి వెళ్లి వచ్చినవారు ఇంకా ఉన్నారు. మరి వీరాస్వామి పేరు మాత్రమే మనకు ఎందుకు తెలుసు? ఆయన రాశారు కాబట్టి. ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య ఎంత దూరం, బాట రాయా ఇసకా, నీళ్ల వసతి ఉందా, అంగళ్లు ఉన్నాయా, జనం ఏ భాష మాట్లాడుతున్నారు, ఆచారాలేమిటి అన్నీ గమనించారు. కోర్టులో సాక్షి మాటను ఉన్నదున్నట్టు చెప్పిన అలవాటే దారిలోనూ పనిచేసింది. ఆ వివరాలను స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపుతూ వచ్చారు. వీరాస్వామి 1836లో కన్నుమూశారు. రెండేళ్ల తరువాత, 1838లో, శ్రీనివాస పిళ్లై దాన్ని ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చువేయించారు. తెలుగులో తొలి యాత్రాచరిత్రగా దానికి పేరు. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారి సంపాదకత్వంలో మళ్లీ వెలువడింది.

ఒక ఇంగ్లీషు టీచర్‌గా నాకు బాగా నచ్చిన సంగతి ఇది. ఇంగ్లీషు ఆయనకు జీవనోపాధి. అయినా తన జీవితంలోని పెద్ద అనుభవాన్ని తెలుగులో, అది కూడా ఇంట్లో మాట్లాడుకునే మాటకు దగ్గరగా ఉన్న తెలుగులో రాశారు. పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది నన్ను అడిగేది ఒకటే: మా అబ్బాయి ఇంగ్లీషులో ఎప్పుడు గడగడా మాట్లాడతాడని. మాట్లాడతాడు, అందుకు మేమున్నాం. అయితే చెప్పడానికి వాడి దగ్గర సొంత అనుభవం ఒకటి ఉండాలి కదా! ఇంటి గుమ్మం దగ్గర బస్సెక్కి, స్కూలు గేటు దగ్గర దిగి, బ్యాగు కూడా మనమే మోస్తే ‘మై జర్నీ’ అని వ్యాసం రాయమన్నప్పుడు పిల్లలు గైడులోది బట్టీ పడతారు. తప్పు వాళ్లది కాదు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. ఒక ఆదివారం పిల్లలతో కలిసి వాళ్లు ఎప్పుడూ నడవనంత దూరం నడవండి. పొలం గట్టు అయినా సరే, చెరువు కట్ట అయినా సరే. నీళ్ల సీసా, టోపీ, తినడానికి ఏం కావాలో వాళ్లనే ఆలోచించి సర్దుకోనివ్వండి. ఒకటి మరిచిపోతే మరిచిపోనివ్వండి.

2. కాళ్లు నొప్పులని ఆగితే కాసేపు కూర్చోనివ్వండి. వెంటనే ఆటో పిలవకండి. మళ్లీ లేచి నడిచాక వాళ్ల ముఖం చూడండి.

3. ఇంటికి వచ్చాక పది వాక్యాలు రాయించండి. తెలుగులోనా ఇంగ్లీషులోనా అన్నది వాళ్ల ఇష్టం. చూసింది చూసినట్టు రాయాలి, అంతే. మీరు దిద్దకండి. ఆ కాగితం నా దగ్గరకు పంపండి, క్లాసులో చదివిద్దాం.

4. నల్లమల బాటకు మాత్రం పిల్లలను సొంతంగా తీసుకెళ్లకండి. అది పులుల రక్షిత ప్రాంతం, అటవీశాఖ అనుమతి తప్పనిసరి. మహాశివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా ఈనాటికీ శ్రీశైలానికి నడుస్తారు. ఉగాదికి కన్నడ భక్తులు మన ఊళ్ల మీదుగానే వెళతారు. వాళ్లకు మంచినీళ్లు ఇచ్చే చోటికి పిల్లలను తీసుకెళ్లండి. ఎక్కడి నుంచి నడిచి వస్తున్నారో, ఎన్ని రోజులైందో వాళ్లనే అడగనివ్వండి. రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం ఇవ్వడం మరిచిపోకండి.

మీ పిల్లల ఇంగ్లీషు టీచర్